శనగగింజంత లోచెవి

నలభై రోజుల పనిని తొమ్మిది రోజుల్లో ముగించిన మొనగాణ్ణి నేను. ప్రొద్దుటూరులో నాకు ముందు ఎవరూ ఆ ఘనకార్యం చేయలేదు. నా తర్వాత ఎవరూ చేయకుండా చూడటానికే మిగిలిన ఉద్యోగమంతా సరిపోయింది.

పని ఏమిటంటే, చనిపోయిన మనిషి చెవి లోపలి ఎముకను యాసిడ్‌లో మెత్తబరచడం. పల్చటి యాసిడ్ పోయాలి, రోజూ మార్చాలి, ఆరు వారాలు కాచుకోవాలి. మా డాక్టరు గారు చెప్పారు, నేను తలూపాను. తలూపుతూనే మనసులో బేరం మొదలుపెట్టాను. మాది బంగారం అంగడి. ఎదుటివాడు వంద అంటే అరవై అనడం మా ఇళ్లలో పాలపళ్లు ఊడకముందే వస్తుంది. ఇక యాసిడ్ అంటారా, అది నాకు చుట్టం. గీటురాయి మీద నగను గీసి, ఆ గీత మీద ఒక చుక్క వేస్తే దొంగ సరుకు నురుగు కట్టి మాయమయ్యేది, మంచి బంగారం మెరుస్తూ నిలిచేది. ఘాటు యాసిడ్ నిజాన్ని తొందరగా చెబుతుంది, పల్చటిది నాన్చుతుంది. ఇదీ మా నాయన అంగట్లో నేను చదివిన శాస్త్రం. ఆ శాస్త్రాన్నే తీసుకుపోయి ఒక మనిషి చెవికి అంటగట్టాను.

ఈ రాత మైక్రోస్కోపు స్లైడ్లు చేసే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, పెన్షన్ కాగితాలు ఎన్నిసార్లు తిరిగొచ్చాయి, అవన్నీ మీకెందుకు? ఒక మనిషివి రెండు చెవులు నా చేతికి వచ్చాయి. ఆ రెండింటి సంగతి చెబితే పని మొత్తం చెప్పినట్టే.

ఇనుప పెట్టెలో సాలెగూడు

బయట కనిపించే చెవిదొప్పతో మనకు పనిలేదు. దాని వెనక, పుర్రెలో, రంపాన్ని కూడా విసిగించే గట్టి ఎముక ఒకటుంది. దాని నడుమ శనగగింజంత నత్తగుల్ల. ఆ గుల్లలో నీళ్లు. నీళ్లలో ఉల్లిపొర కంటే పల్చటి పొర. పొర మీద వరుసలు తీర్చిన కణాలు, ఒక్కో కణం నెత్తిన సన్నటి వెంట్రుకలు. అమ్మ పిలుపు విన్నా, బస్సు హారను విన్నా, ఆ వెంట్రుకలు కదిలితేనే. మనిషి పోయిన కొద్ది గంటలకే, మా కడప ఎండల్లోనైతే ఇంకా ముందే, ఆ కణాలు కరగడం మొదలుపెడతాయి.

ఇప్పుడు మన పని వినండి. ముందు ఫార్మలిన్‌ను నత్తగుల్ల లోపలిదాకా పంపి, ఆ పొరను ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలి. తర్వాత ఎముకలోని సున్నాన్ని యాసిడ్‌తో దించాలి. తర్వాత ఆల్కహాల్‌తో నీరంతా లాగాలి. ఆ తర్వాత సెల్లాయిడిన్ అనే జిగురును మొదట గంజిలా, తర్వాత తేనెలా, చివరికి జున్నులా చిక్కబరుస్తూ లోపలికి ఎక్కించాలి. దానికే నెలలు పడుతుంది. అప్పుడు కత్తి కింద పెట్టి, ఊదితే ఎగిరిపోయే పొరలుగా కోసి, రంగు వేసి, గాజు పలక మీద పరచాలి. అంటే ఇనుప పెట్టెనూ, అందులోని సాలెగూడునూ కలిపి ముక్కలు చేయాలి, గూడులో ఒక్క పోగు తెగకూడదు. అంతే!

విని గుండె జారిందా? నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. ఇంత అసాధ్యమైన సరుకు మా బజారులో ఏ అంగట్లోనూ లేదు.

యాసిడ్‌తో పాటు నన్నూ కొన్నారు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఒక మధ్యాహ్నం తెల్ల ప్యాంటు వేసుకున్న పెద్దమనిషి మా అంగడి మెట్లెక్కి, "ఏవండీ, నైట్రిక్ యాసిడ్ ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగారు. మాటలోనే గోదావరి నీళ్లు వినబడ్డాయి.

"బంగారం పరీక్షకా సామీ?" అన్నాడు మా నాయన.

"కాదండి. చెవులకి."

మా నాయన నావైపు వంగి, "ఈయప్పకు బిరీన ఇచ్చి పంపురా సుబ్బయ్యా, యాడో తేడాగా ఉండాడు," అని గొణిగాడు.

ఆయన డాక్టర్ భానుమూర్తి గారు. మద్రాసులో చెవి, ముక్కు, గొంతు వైద్యం చదివి, మా ఊళ్లో చిన్న ఆసుపత్రి పెట్టారు. సీసా మోసుకుని ఆయన వెంట పోయాను. వెనక గదిలో గొర్రె చెవి ఎముకలు సీసాల్లో తేలుతున్నాయి. నా వంక చూసి ఏమనుకున్నారో, మద్రాసు నుంచి తెచ్చిన ఒక స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, "చూడవయ్యా," అన్నారు.

చూశాను. గులాబిరంగు, నీలిరంగు కలిసిన చుట్టలు. చుట్ట లోపల చుట్ట. ప్రతి చుట్టలోనూ చిన్న మేడ, మేడ మీద స్తంభాలు, స్తంభాల పక్కన నీలి చుక్కల కణాలు. మనిషి తల లోపల ఇంత నగిషీ ఉందని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం అంగట్లో కూర్చుంటే ఏ నగా మెరవలేదు. మర్నాడే ఆసుపత్రిలో చేరిపోయాను. "చెవుల అంగడికి పోతాండాడు మావాడు," అని మా నాయన నెలరోజులు బజారంతా చెప్పి నవ్వాడు.

డాక్టరు గారి గురించి ఒక్క మాట. ఆయన అరవరు, కసరరు, తప్పు చేసినవాణ్ణి పదిమందిలో నిలబెట్టరు. లోపం ఒక్కటే. మైక్రోస్కోపులో కనబడినదాన్ని ప్రాణంగా నమ్మేవారు. ఆ కనబడేదాన్ని తయారుచేసేది నాలాంటివాడని మరచిపోయేవారు. మీకు దొరికే డాక్టర్లలో చాలామందికి ఈ లోపం ఉంటుంది. మనం గుర్తుపెట్టుకోవాలి.

బస్సులో వినబడే చెవి

రాజధాని హైదరాబాదుకు మారిన కొన్నేళ్లకు తులసమ్మ టీచరు వచ్చింది. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతి చెప్పేది. భర్త లేడు. మూడేళ్ల కూతురు, ఉబ్బసపు తండ్రి ఓబన్న, ముగ్గురికీ ఆ బడి జీతమే ఆధారం. బిడ్డ పుట్టిన దగ్గరనుంచి వినికిడి తగ్గుతూ వచ్చింది. ఎడమ చెవి చిన్నప్పుడే చీము కారి పోయింది. మిగిలిన ఒక్క చెవీ ఇప్పుడు మూసుకుపోతోంది. వచ్చే వేసవి సెలవుల దాకా చూస్తామని, ఈలోగా బాగుపడకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని బడివాళ్లు చెప్పేశారు.

తండ్రికీ చెవుడే. ఆయనది తొండూరు పక్కన పల్లె. పులివెందుల దగ్గర ముగ్గురాయి గనిలో జీవితమంతా పనిచేశాడు. మందు పేల్చి పేల్చి చెవులు పోయాయని ఊరంతా అనుకున్నారు, ఆయనా అనుకున్నాడు.

డాక్టరు గారు పలక మీద రాసి ప్రశ్నలు అడుగుతున్నారు. టీచరు మెల్లగా జవాబు చెబుతోంది.

"ఇంట్లో ఏమీ ఇనపడదు సార్. బస్సులో మాత్రం బాగా ఇనపడతాది. మా ఇంటిపక్కామె నన్ను దొంగ అంటాది."

డాక్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఏవన్నావమ్మా? మళ్లీ చెప్పు!"

తులసమ్మ తండ్రి చెవి దగ్గర అరిచి సంగతి చెబితే, ఓబన్న కూడా అందుకున్నాడు. "నాకూ అంతే సామీ. గనిలో మిషను తిరుగుతాంటే అందరూ మాటలు ఇనపడక సేతులూపుకుంటాంటారు. నాకు శానా బాగా ఇనపడేది. నన్ను మేస్త్రీని సేసిందే అందుకు!"

అందరం నవ్వాం. డాక్టరు గారు నవ్వలేదు, గదంతా తిరుగుతున్నారు. నరం చచ్చిన చెవికి రొదలో ఉన్నదీ పోతుంది. రొదలో మేలనిపిస్తే నరం బతికే ఉందన్నమాట. చెవిలో గుర్రపు జీను రికాబులాంటి బుల్లి ఎముక ఒకటి ఉంటుంది. శబ్దాన్ని నత్తగుల్లలోకి తోసే తలుపు అది. ఆ తలుపు బిగుసుకుపోయి ఉండాలి, తండ్రికీ కూతురికీ ఒకే జబ్బు అయి ఉండాలి. ఇదీ ఆయన అనుమానం. ఆ రికాబును వదులు చేసే ఆపరేషన్ అప్పుడప్పుడే వచ్చింది. మద్రాసులో ఒక సర్జను చేస్తున్నారు. ఉత్తరం రాశాం. జవాబు మొండిగా వచ్చింది: తండ్రి చెవుడు గనివల్ల వచ్చిన నరాల చెవుడు కావచ్చు, ఆ వంశంలో నరమే బలహీనం కావచ్చు, ఈమెకు ఉన్నది ఒక్క చెవి, అది చెడితే పూర్తిగా పోతుంది, రుజువు లేకుండా కత్తి పెట్టను.

రుజువు ఎక్కడుంటుంది? ఆ ఎముక లోపల. బతికున్న మనిషిలో చూడలేం.

కూతురు ఈ మాటలు తండ్రికి వినిపించింది. ఓబన్న కాసేపు దగ్గి, "దానికేంది? నావి రెండుండాయి గదా. నేను సచ్చినాక తీస్కోండి సామీ. బతికుండంగా ఎట్లా పనికిరాలేదు," అన్నాడు.

"ఏం మాటలు నాయనా అవి!"

"నువ్వు గమ్మునుండు." నావైపు తిరిగాడు. "నువ్వేనా కోసేది? అంగడోళ్ల పిల్లోనివంట. మీరు తూకంలో కొడతారు గదప్పా!"

"చెవులు తూకానికి రావు మామా," అన్నాను అరిచి. పకపకా నవ్వి, దగ్గు తెచ్చుకున్నాడు.

మాటకు బేరమేంది

వానాకాలంలో ఒక పొద్దున జమ్మలమడుగు నుంచి వచ్చిన మొదటి బస్సు డ్రైవరు ఒక చీటీ తెచ్చిచ్చాడు. టీచరు అక్షరాలు, గుండ్రంగా, ఒకటో తరగతి పిల్లలకు రాసినట్టు. "నాయన తెల్లారుజామున పోయినాడు. మాట ప్రకారం రండి."

ఐసు గడ్డ, ఫార్మలిన్ సీసాలు, రంపం, ఉలి కారులో వేసుకుని పరుగెత్తాం. గడప దగ్గర ఓబన్నకు అన్న, నారాయణప్ప, అడ్డం నిలబడ్డాడు. తమ్ముడికి జబ్బు ముదిరిందని రెండు రోజుల ముందే వచ్చి ఉన్నాడు.

"యాడికప్పా ఆ రంపం?"

చెప్పాను. బయటి చెవికి ఏమీ కాదని, వెనకవైపు కోసి లోపలి ఎముక మాత్రం తీసి మళ్లీ కుడతామని, మొహం మారదని చెప్పాను.

"మొహం మారకపోతే మాత్రం? రేపు ఊళ్లో నలుగురూ వచ్చి సూస్తారు. తమ్ముని చెవులు అమ్ముకున్నారంటే నేను యాడ తలకాయ పెట్టుకోవాల?"

నాలో శెట్టి నిద్రలేచాడు. ఎదుటివాడు గట్టిగా ఉంటే సగానికి దిగాలి. "పోనీ మామా, రెండొద్దులే. ఒక్కటి ఇయ్యి. ఒక్కటే."

ముసలాయన మెత్తబడ్డాడు. గడ్డం గోక్కున్నాడు. "ఒకటైతే..." అన్నాడు.

బేరం తెగిందని నేను లోలోపల మురిసిపోతుండగా టీచరు లోపలినుంచి వచ్చింది. మా పెదవులు చూస్తూనే ఉన్నట్టుంది.

"రెండూ," అంది. "మా నాయన రెండూ ఇస్తా అన్నాడు. సచ్చిపోయినోని మాటకు బేరమేంది పెద్దనాయనా? నీకేంది అప్పా, బుద్ధుండాదా?"

చివరి మాట నాకు. చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆమె రాకపోయి ఉంటే నేను ఒక్క చెవికి సరే అనేవాణ్ణి, తెలివైనవాణ్ణనుకుంటూ ఆ ఒక్కదాన్నే ఇంటికి తెచ్చి నాశనం చేసేవాణ్ణి. బేరం తెలియని ఆడమనిషి ఆ రోజు నన్ను కాపాడింది. నారాయణప్ప గడప వదిలి పక్కకు జరిగాడు.

డాక్టరు గారి చేయి ఆ రోజు దేవుడి చేయి. రికాబు మనకు కావలసిన సాక్షి, దాన్ని కదిలించకూడదు. అందుకని పైనున్న సన్నటి ఎముక గొట్టం నెత్తిన చిన్న రంధ్రం పెట్టి, దాని గుండా ఫార్మలిన్ లోపలికి దించారు. ఊరికే సీసాలో ముంచితే మూత తీయని కుండను బావిలో వేసినట్టే, లోపల తడవదు. ఇది రాసిపెట్టుకోండి. నారాయణప్ప తమ్ముడికి తానే తలపాగా చుట్టి, ఆ పక్కనుంచి ఈ పక్కనుంచి చూసి, "ఏమీ తెలీకుండానే సేసినారే," అన్నాడు. ఆ మాట తీసుకుని మేము ప్రొద్దుటూరు వచ్చాం, వాళ్లు ఓబన్నను తొండూరు తీసుకుపోయారు.

తొమ్మిది రోజులు

"ముందు కుడిది చేద్దాం. ఎడమది ఫార్మలిన్‌లో భద్రంగా ఉండనీ," అన్నారు డాక్టరు గారు. మూడు వారాలు మద్రాసులో ఆయనకు పని. నాకు లెక్క చెప్పి వెళ్లారు: యాసిడ్‌కు ఆరు వారాలు, ఆల్కహాల్‌కూ సెల్లాయిడిన్‌కూ మూడున్నర నెలలు. సంక్రాంతి దాటిన కొద్ది రోజులకు స్లైడ్లు చూడొచ్చు, వేసవి లోపల ఆపరేషన్ అయిపోవచ్చు.

నేను వేళ్లు మడిచి చూసుకున్నాను. ఒక నెల మిగిలిస్తే? టీచరు మెచ్చుకుంటుంది, డాక్టరు గారు ఆశ్చర్యపోతారు, మద్రాసువాళ్లు ప్రొద్దుటూరు అంటే ఏమిటో తెలుసుకుంటారు! యాసిడ్‌ను నాలుగింతలు ఘాటు చేశాను. సీసాను మిద్దె మీద ఎండలో పెట్టాను. ఎముక నుంచి బుడగలు సోడాకాయలోంచి వచ్చినట్టు వచ్చాయి. గంట సేపు పక్కనే కూర్చుని ఆనందించాను. ఆ ఒక్కో బుడగ లోపల ఒక్కో పొరను చించుకుంటూ బయటికి వస్తోందని నాకేం తెలుసు? తొమ్మిదో రోజు కంసాలి సూదితో గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగింది.

డాక్టరు గారు తిరిగొచ్చి అడిగారు. "యాసిడ్ పనయిపోయిందా? అప్పుడేనా?"

"మన ఎండలు గదా సార్," అన్నాను.

ఆయన నవ్వి ఊరుకున్నారు. అబద్ధం కూడా కాదు చూడండి, అదీ దాని నైపుణ్యం. అంగడివాడి నాలుక అలా తిరుగుతుంది.

సెల్లాయిడిన్ మాత్రం పద్ధతిగానే ఎక్కించాను. అంతకు ముందు డాక్టరు గారు పంపితే మద్రాసులో నాకు ఆ పని నేర్పిన ముసలాయన, సెల్లాయిడిన్ దగ్గర తొందరపడేవాడూ పెళ్లి ఊరేగింపులో పరుగెత్తేవాడూ ఒకటే అని చెప్పి పంపాడు. యాసిడ్ గురించి అట్లాంటి సామెత ఏదీ చెప్పలేదు!

డిసెంబరులో కోశాను. పొరలు కత్తి మీద పట్టులా జారాయి. రంగు వేశాను. డాక్టరు గారు మైక్రోస్కోపు మీదికి వంగారు. నేను పక్కన నిలబడి మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను.

చాలాసేపటికి తల ఎత్తారు. మొహం వాడిపోయింది.

"లేవయ్యా. వెంట్రుకల కణాలు లేవు. నరాల కణాలు లేవు. రికాబు దగ్గర ఏముందో కూడా తేలడం లేదు. ఓబన్నది నరాల చెవుడే. నేనే పొరబడ్డాను."

కాగితం తీసుకుని మద్రాసు సర్జనుకు ఉత్తరం మొదలుపెట్టారు. తండ్రిలో నరం పూర్తిగా పోయింది, కూతురికి ఆపరేషన్ వద్దు.

నేను మైక్రోస్కోపులో చూశాను. అంతా గులాబి. ఒక మూలనుంచి ఇంకో మూలకు గులాబి. నీలం చుక్క ఒక్కటి లేదు. నత్తగుల్లలో లేదు సరే, చుట్టూ ఉన్న ఎముక కణాల్లోనూ లేదు, పక్కన అంటుకుని వచ్చిన కండలోనూ లేదు. ఏ జబ్బయినా నరాన్ని తింటుంది, పక్కింటి కండను కూడా సమానంగా తింటుందా? అన్నిటినీ ఒకే తూకాన తినేది నాకు తెలిసి ఒక్కటే ఉంది. దాన్ని నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును.

డాక్టరు గారి కలం మూడో వరుసలో ఉంది. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే తులసమ్మ ఉన్న ఒక్క చెవీ మూసుకుని బతుకుతుంది, ఎందుకో ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"అది రోగం కాదు సార్," అన్నాను. "నేను."

కలం ఆగింది.

"ఎంత యాసిడ్?"

"నాలుగింతలు సార్."

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది."

"ఎక్కడ పెట్టావు?"

"మిద్దె మీద. ఎండలో."

ఆయన ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేశారు. "నువ్వు చెప్పకపోతే నేనిది పోస్టు చేసేవాణ్ణి సుబ్బయ్యా. తెలుసా?"

"తెలుసు సార్."

"తెలుసు కనక రెండోది కూడా నువ్వే చెయ్యి."

పిల్లలూ, అందరు డాక్టర్లూ ఇలా అంటారని నమ్మకండి. తన్ని తరిమేవాళ్లే ఎక్కువ. అయినా చెప్పండి. మనం చెడగొట్టింది చెడిపోయినట్టు కనబడితే నష్టం ఒక స్లైడే. అది జబ్బులా కనబడితే, ఆ జబ్బు లేని మనిషికి శిక్ష పడుతుంది. ఈ ఉద్యోగంలో భయపడవలసింది ఆ రెండోదానికే.

మబ్బు

ఎడమ చెవి. ఇక మిగిలింది అదొక్కటే.

పల్చటి యాసిడ్, గదిలో చల్లటి మూల. సూదులు లేవు, వేళ్లు లేవు. రోజూ పాత యాసిడ్‌ను కొద్దిగా గాజు గొట్టంలోకి తీసి, అమోనియా కలిపి, రెండు చుక్కలు ఆక్సలేటు వేసేవాణ్ణి. ఎముకలోంచి సున్నం ఇంకా దిగుతూంటే ఆ గొట్టంలో తెల్లటి మబ్బు కడుతుంది. మొదటి వారం కుండపోత మబ్బు. మూడో వారం పలచబడింది. ఐదో వారం వెలుతురుకెత్తి చూస్తే తప్ప కనబడని పొగ. ఎంత ఉత్సాహమో మీకు ఎలా చెప్పను! జీవితంలో మొదటిసారి ఎదుటివాడు చెప్పిన ధరకే సరుకు కొంటున్నాను, అందులో సుఖముందని తెలుస్తోంది. నలభై ఒకటో రోజు మబ్బు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజూ నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. "సార్!" అని నేను అరిచిన అరుపుకు వరండాలో ఉన్న రోగులు లేచి నిలబడ్డారు.

ఆ తర్వాత సెల్లాయిడిన్. ఆ నెలల్లో టీచరు రెండుసార్లు వచ్చింది.

"ఇంకా గాలేదా అప్పా?"

"ఎముక గట్టిది టీచరమ్మా," అని పలక మీద రాశాను. ఒక్క వాక్యం. సిగ్గుతో రాసిన వాక్యం. రెండోసారి వచ్చినప్పుడు ఆమె చేతిలో బడివాళ్ల కాగితం ఉంది. ఏప్రిల్ నెలాఖరుతో ఆమె పని ఆఖరు. మా నాయన చెవిని బాగా చూసుకోండి అని మాత్రం చెప్పి, బస్సుకు పోయింది.

మే చివర కోశాను. ఊపిరి బిగబట్టి కోశాను. ప్రతి పొరకూ అంకె వేసిన కాగితం ముక్క తోడుగా పెట్టి, పదికొకటి చొప్పున రంగు వేశాను. డాక్టరు గారు కూర్చున్నారు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను, చూడలేక.

"సుబ్బయ్యా! ఇటు రావయ్యా! రా!"

చూశాను. నీలం! గులాబి మీద చక్కటి నీలం! నత్తగుల్ల మెలికల్లో పొర తాడు కట్టినట్టు నిలబడి ఉంది. వెంట్రుకల కణాలు, బడి పిల్లలు ప్రార్థనకు నిలబడినట్టు వరుసగా. నడిమి స్తంభంలో నరాల కణాలు గుంపులుగా. అడుగున ఒక మెలికలో కొన్ని తగ్గాయి, గని తిన్నది అంతే. ఇక రికాబు! రికాబు పాదం ఉన్నచోట గుల్ల గుల్లగా కొత్త ఎముక పెరిగి, పాదాన్నీ అది కూర్చున్న ఎముక కిటికీ అంచునూ కలిపి అతికించేసింది. తలుపుకు సిమెంటు పోసినట్టు. ఆ తలుపు వెనక ఇల్లు దీపాలతో వెలుగుతోంది, అన్నేళ్లూ లోపలికి ఒక్క మాట పోలేదు.

గోదావరి పెద్దమనిషి నా రెండు చేతులూ పట్టుకుని గదిలో గుండ్రంగా తిప్పారు. ఈథర్ సీసా కిందపడబోతే పట్టుకున్నాం. ఆ రోజే స్లైడ్లను దూదిలో పెట్టి, రైల్లో నేనే మద్రాసు తీసుకుపోయాను. సర్జను గంటసేపు చూసి, తారీఖు ఇచ్చారు.

లెక్క

ఆపరేషన్ అయిన రెండు నెలలకు తులసమ్మ ఆసుపత్రికి వచ్చింది. నేను వెనక గదిలో స్టవ్వు మీద నీళ్లు కాస్తున్నాను. గడప దగ్గరే ఆగి, "ఆ స్టవ్వు బుసకొడతాండాది, తగ్గించప్పా," అంది. నేను వెనక్కి తిరగలేదు కొంచెంసేపు. తిరిగితే ఏడుపు కనబడుతుంది.

ఓబన్న ఎడమ చెవి స్లైడు చూపించాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

"ఇది మా నాయనదా? లోపల ఇంత బాగుండ్యా? మేమంతా ఆయప్పను రాయి అనేవాళ్లం."

కుడిది చూపిస్తారా అని ఆమె అడగలేదు. అలాంటిదొకటి ఉన్నదని, దానికి ఏమైందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా పంపేయొచ్చు. నేనే తీసి పెట్టాను. గులాబి ముద్ద. ఘాటు యాసిడ్, మిద్దె, తొమ్మిది రోజులు, డిసెంబరు, ఉత్తరం, అన్నీ చెప్పాను. ఆమె వింటూ ఉంటే చెప్పడం పలక మీద రాయడం కంటే కష్టంగా ఉంది.

"అంటే, సారు చెప్పినట్టు నువ్వు సేసింటే సంక్రాంతికి తెలిసిపోయేది."

"అవును."

"నేను బడిలోనే ఉండేదాన్ని."

"అవును టీచరమ్మా."

"నేను వచ్చి అడిగినప్పుడు ఎముక గట్టిదని రాస్తివే."

"భయమేసింది."

"నాకు చెవుడు గానీ, బుద్ధి లేదా అప్పా? చెప్పింటే అర్థం గాదా?"

ఆమె గులాబి స్లైడును మళ్లీ ఒకసారి చూసింది. "దీన్ని పారెయ్యొద్దు," అంది. "కొత్తగా వచ్చినోళ్లకు ముందు ఇదే చూపించు." అంతే. కోపంగానే పోయింది. ఆ కోపం ఆమె హక్కు. తర్వాత ఇంటి వరండాలో పదిమంది పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికింది. బడిలో మాత్రం మళ్లీ చోటు దొరకలేదు. ఎప్పుడైనా జమ్మలమడుగు బజారులో కనబడితే కూతురి చదువు గురించి చెప్పేది. నవ్వేది కూడా. ఆ నవ్వును చూసి మాఫీ అయిందనుకునేంత వెర్రివాణ్ణి కాను.

నేను ఆ తర్వాత పెద్ద ఆసుపత్రుల్లో పనిచేశాను, ఎన్నో చెవులు కోశాను, మంచి పేరే వచ్చింది. కొత్తవాళ్లు చేరిన మొదటి రోజున రెండు స్లైడ్లూ పక్కపక్కన పెడతాను. ఏది రోగం, ఏది మనిషి చేసింది అని అడుగుతాను. ఎక్కువమంది గులాబిదాన్ని రోగం అంటారు.

ఇక అసలు లెక్క. ఓబన్న నా చేతికి రెండు చెవులు ఇచ్చాడు. ఒకటి నేను తిన్నాను. రెండోది తన పని చేసింది. అందులో నా నేర్పు కొంత, డాక్టరు గారి క్షమ కొంత, కాచుకున్న రోజులది ఎక్కువ. నెలరోజులు మిగిలించబోయాను, నాలుగు నెలలకు పైగా ఖర్చు చేశాను. ఆ నెలలేవీ నావి కావు, తులసమ్మవి. ఆమెకు ఒక చెవి వచ్చింది, ఒక ఉద్యోగం పోయింది. వచ్చినదాంట్లో పోయింది కొట్టేసి, మిగిలింది లాభమని రాసుకోవచ్చా అని ఇన్నేళ్లూ ఎన్నో విధాల బేరమాడి చూశాను. కుదరలేదు. చెవి జమలో ఉంది. ఉద్యోగం ఖర్చులో ఉంది. రెండూ అలాగే ఉన్నాయి.